దూబగుంట పాఠం ఢిల్లీకి వచ్చి వెళ్ళిన కథ

ఢిల్లీలోని పాత పుస్తకాల ప్రియులకు ఆదివారం పండుగ వంటిది. దశాబ్దాల తరబడి దర్యాగంజ్ కాలిబాటల మీద పరచుకొని వుండిన ఆ బజారును 2019లో ఆసఫ్ అలీ రోడ్డులోని మహిళా హాట్ ప్రాంగణంలోకి తరలించారు. చోటు మారినా రివాజు మారలేదు. కొన్ని పుస్తకాలకు ధర వుంటుంది, కొన్నింటికి తూకం వుంటుంది. మొన్న ఆదివారం ఒక తూకం కుప్పలో నాకు ఒకే పేరు గల రెండు పాఠ్యపుస్తకాలు దొరికాయి. రెండూ జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి, అనగా అందరూ ఎన్.సి.ఇ.ఆర్.టి. అని పిలిచే సంస్థ ప్రచురించినవే. రెండూ పన్నెండవ తరగతి రాజనీతి శాస్త్ర వాచకాలే. స్వాతంత్ర్యానంతర భారత రాజకీయాలు వాటి విషయం. ఒకటి లావుగా వుంది, రెండవది సన్నగా వుంది. అంతే తేడా.

నేను లావు పుస్తకాన్ని తిరగవేస్తూ వుండగా అమ్మకందారు, "అది పాత సిలబసు బాబూజీ, పరీక్షకు పనికిరాదు. ఇరవై రూపాయలిచ్చి తీసుకుపొండి" అన్నాడు. ఆ పనికిరాని పుస్తకంలో ప్రజా ఉద్యమాల మీద ఒక అధ్యాయం వుంది. చిప్కో వుద్యమం నుంచి సమాచార హక్కు పోరాటం దాకా అందులో వున్నాయి. మన నెల్లూరు జిల్లాలోని దూబగుంట గ్రామం కూడా వుంది. సన్న పుస్తకంలో ఆ అధ్యాయమే లేదు. కనుక దూబగుంట కూడా లేదు.

ఇరవై రూపాయలిచ్చి ఆ పుస్తకాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. దేశంలో సాహిత్యాన్ని, పత్రికలను, బొమ్మలను, ప్రకటనలను చదవటం పిల్లలకు ఏ విధంగా నేర్పుతున్నారు, అసలు నేర్పనిస్తున్నారా అన్న ప్రశ్నకు సమాధానం ఆ రెండు పుస్తకాల లావులోని తేడాలోనే చాలావరకు వున్నదని నాకు తోచింది.

వాచకం నుంచి వీధిలోకి

దూబగుంట కథ తెలుగు పాఠకులకు కొత్త కాదు. అయినా ఆ కథలో ఒక పుస్తకం నిర్వహించిన పాత్రను మనం తరచు మరచిపోతుంటాము. 1990ల ఆరంభంలో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతా వుద్యమం నడిచింది. పగలంతా కూలి పని చేసి, రాత్రి లాంతరు వెలుగులో పలకా బలపం పట్టిన స్త్రీలకు ఇచ్చిన వాచకంలో 'సీతమ్మ కథ' అనే పాఠం వుంది. సారాకు వ్యతిరేకంగా తోటి స్త్రీలను కూడగట్టిన ఒక పల్లెటూరి స్త్రీ కథ అది. దానిని చదివిన వారు అక్షరాలను గుర్తుపట్టి వూరుకోలేదు. ఇది మన కథే కదా అన్నారు. మన వూళ్ళో మాత్రం ఎందుకు జరగకూడదు అన్నారు. దూబగుంట స్త్రీలు వూళ్ళోకి సారా రాకుండా నిలిపివేశారు. వారు చేసిన పని తరువాతి వాచకంలో మరొక పాఠమై ఇతర గ్రామాలకు చేరింది. వేలాది గ్రామాల స్త్రీలు సభలు జరిపి, తీర్మానాలు చేసి కలెక్టరుకు పంపారు. జిల్లాలో సారా వేలం పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993లో రాష్ట్ర ప్రభుత్వం సారాను నిషేధించింది. 1995 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం సంపూర్ణ మద్య నిషేధాన్ని అమలులోకి తెచ్చింది. 1997లో దానిని ఎత్తివేశారన్నది వేరే కథ.

సాహిత్య బోధన గురించి విశ్వవిద్యాలయాలలో జరిగే సదస్సులకు నేను చాలా వాటికి హాజరయ్యాను. పాఠానికీ పాఠకునికీ గల సంబంధం మీద గంభీరోపన్యాసాలు విన్నాను. ఆ సంబంధానికి దూబగుంటను మించిన నిదర్శనం నాకు ఎక్కడా కనిపించలేదు. ఆ పాఠం ఎవరో నిపుణులు మెచ్చిన మహా కావ్యం కాదు. నాలుగు వాక్యాల కథ. కాని చదివిన వారికి తమ బ్రతుకు మీద ఒక ప్రశ్నను చేతికి అందించింది. తరగతి గదికి కావలసిన పరికరం అంటే అటువంటిది.

బోధించే పెట్టె, బోధించని చూపు

వార్తాసాధనాలను విద్యకు వినియోగించటం మన దేశానికి కొత్త విద్య కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జూలై వరకు ఏడాది పాటు అమెరికన్ వుపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజన్ కార్యక్రమాలు ప్రసారం చేశారు. 'సైట్' అన్న పేరుతో ప్రసిద్ధి చెందిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్ గ్రామాలు కూడా వున్నాయి. తెలుగులో కార్యక్రమాలు వచ్చాయి. వుదయం పూట బడి పిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. 1984 ఆగస్టు 15న విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం కళాశాల విద్యార్థుల కోసం దూరదర్శన్‌లో పాఠాలు ప్రారంభించింది.

ఈ ప్రయత్నాల విలువను ఎవరూ తక్కువ చేయనక్కర లేదు. కాని రేడియో, టెలివిజన్ల ద్వారా బోధించటం వేరు, రేడియోను, టెలివిజన్‌ను చదవటం నేర్పటం వేరు. 'సైట్' ప్రయోగం మొదలయ్యే నాటికి దేశంలో అత్యవసర పరిస్థితి వచ్చి నెల రోజులు దాటింది. పత్రికలపై సెన్సారు వుంది. ఢిల్లీలో కొన్ని పత్రికలు సంపాదకీయం రావలసిన చోటును ఖాళీగా వదిలి తమ నిరసన తెలియజేశాయి. ఆ ఖాళీ జాగా కూడా ఒక వార్తే. ఆ వార్తను చదవటం ఏ పెట్టె నేర్పుతుంది?

ఆ పని బడి పుస్తకాలలోకి రావటానికి మరి మూడు దశాబ్దాలు పట్టింది. 2005లో ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన రూపొందిన జాతీయ పాఠ్య ప్రణాళికా చట్రం ఆధారంగా, ప్రొఫెసర్ కృష్ణకుమార్ ఎన్.సి.ఇ.ఆర్.టి. డైరెక్టరుగా వున్న కాలంలో కొత్త పుస్తకాలు వచ్చాయి. ఏడవ తరగతి సాంఘిక శాస్త్రంలో వార్తాసాధనాల మీద ఒక పాఠం, వ్యాపార ప్రకటనల మీద మరొక పాఠం చేర్చారు. మొదటి దానిలో ఒకే సంఘటనను రెండు పత్రికలు రెండు విధాలుగా రాసిన వార్తలను పక్కపక్కన పెట్టారు. కాలుష్యం కలిగిస్తున్న కర్మాగారాల మూసివేత ఆ సంఘటన. ఒక పత్రికకు అది ప్రజారోగ్య రక్షణ, మరొక పత్రికకు అది వుపాధి పోయిన వారి ఆందోళన, రోడ్ల మీద అలజడి. పన్నెండేళ్ళ పిల్లలు ఆ రెండూ చదివి ఎవరు ఏమి వదిలివేశారో చెప్పాలి. వుత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్ జిల్లాలో దళిత స్త్రీలు బుందేలీ భాషలో నడిపిన 'ఖబర్ లహరియా' పత్రిక పరిచయం కూడా ఆ పాఠంలో వుంది. ఆ పత్రిక మీద తీసిన డాక్యుమెంటరీ చిత్రం 2022లో ఆస్కార్ పోటీ తుది జాబితా దాకా వెళ్ళింది. ప్రకటనల పాఠంలో కల్పిత పేర్లతో ఒక పప్పు ప్రకటన, ఒక సబ్బు ప్రకటన ఇచ్చి, అవి ఎవరిని ఆకర్షిస్తున్నాయి, ఎవరిని కించపరుస్తున్నాయి అని అడిగారు.

పై తరగతుల రాజనీతి శాస్త్రం మరొక అడుగు ముందుకు వేసింది. దేశ విభజన పాఠంలో ఫైజ్, అమృతా ప్రీతమ్ కవితలు, మంటో రచన, 'గరం హవా' చిత్ర పరిచయం చోటు చేసుకున్నాయి. దళిత పాంథర్ల ప్రస్తావనకు ముందు నామ్‌దేవ్ ఢసాల్ కవిత వచ్చింది. వ్యంగ్య చిత్రాలు పుస్తకం నిండా వున్నాయి. చరిత్రను తేదీల జాబితాగా కాక, మనుషులు రాసినదిగా, గీసినదిగా, పాడినదిగా చదవమన్నారు. సాహిత్యమూ రాజకీయమూ వేరువేరు గదులలో వుండవని పిల్లలకు చెప్పిన తొలి ప్రభుత్వ పుస్తకాలలో అవి వున్నాయి.

ఒక నత్త, రెండు కొరడాలు

ఈ ప్రయోగానికి మొదటి దెబ్బ 2012 మే నెలలో తగిలింది. పదకొండవ తరగతి పుస్తకంలో శంకర్ 1949లో గీసిన వ్యంగ్య చిత్రం ఒకటి వుంది. రాజ్యాంగం అనే నత్త మీద డాక్టర్ అంబేద్కర్ కొరడా పట్టుకొని కూర్చొని వుంటారు. వెనుక నెహ్రూ కొరడా ఎత్తి వుంటారు. రాజ్యాంగ రచన ఆలస్యం అవుతున్నదన్నది నాటి చిత్రకారుని వ్యంగ్యం. దాదాపు మూడేళ్ళు ఎందుకు పట్టిందో పుస్తకంలోని పాఠం వివరిస్తుంది. చిత్రం అంబేద్కర్‌ను అవమానిస్తున్నదని తమిళనాడు సభ్యులు తిరుమావళవన్ ప్రభృతులు లోక్‌సభలో ధ్వజమెత్తారు. పక్షభేదం లేకుండా సభ అట్టుడికింది. నాటి మంత్రి కపిల్ సిబల్ విచారం వెలిబుచ్చి, చిత్రాన్ని తొలగిస్తామన్నారు. సలహాదారులు సుహాస్ పల్షీకర్, యోగేంద్ర యాదవ్ రాజీనామా చేశారు. పూణె విశ్వవిద్యాలయంలో పల్షీకర్ కార్యాలయం మీద దాడి జరిగింది. తరువాత ప్రొఫెసర్ సుఖదేవ్ థోరట్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం మరికొన్ని చిత్రాలను కూడా తీసివేయమన్నది. ఆ సంఘంలో ఎం.ఎస్.ఎస్. పాండియన్ ఒక్కరే భిన్నాభిప్రాయం నమోదు చేశారు.

ఈ వివాదంలో న్యాయం అంతా ఒకే వైపు వున్నదని నేను అనుకోను. కొరడా అన్నది ఈ దేశంలో అందరికీ ఒకే అర్థం ఇచ్చే వస్తువు కాదు. అగ్రకులాల పిల్లల మధ్య ఒంటరిగా కూర్చున్న దళిత విద్యార్థికి ఆ బొమ్మ తగిలే చోటు వేరు. ఉపాధ్యాయుడు ఒక మాట తప్పుగా అంటే, పక్క పిల్లవాడు ఒక నవ్వు నవ్వితే పాఠం గాయమవుతుంది. దళిత మేధావులలో కొందరు ఎత్తిచూపిన ఈ అంశం కొట్టిపారవేయదగినది కాదు. అయితే దానికి మందు ఏమిటి? ఆ బొమ్మను ఎవరు గీశారు, ఏ కళ్ళతో గీశారు, నాడు నవ్విన వారెవరు, నేడు నొచ్చుకొనే వారెవరు అన్న ప్రశ్నలను బొమ్మ పక్కనే అచ్చు వేసి వుండవచ్చు. అంతకంటే గొప్ప వార్తా విశ్లేషణ పాఠం వుండబోదు. పార్లమెంటు ఆ పాఠాన్ని తానే ఒక రోజంతా చదివింది. పిల్లలకు మాత్రం చదివే అవకాశం లేకుండా చేసింది. బొమ్మ తీసివేయటం సులభం. దానిని చదవటం నేర్పే ఉపాధ్యాయుని తయారు చేయటం కష్టం. మన ప్రభుత్వాలు ఏ పార్టీవైనా, సులభమైన దానినే ఎంచుకున్నాయి.

బరువు ఎక్కడ వుంది?

రెండవ దెబ్బ నిశ్శబ్దంగా పడింది. 2022లో, కోవిడ్ కాలంలో చదువులు దెబ్బతిన్న విద్యార్థులపై భారం తగ్గించటానికని ఎన్.సి.ఇ.ఆర్.టి. పాఠ్యాంశాలను హేతుబద్ధం చేసింది. ఆ హేతుబద్ధీకరణలో పన్నెండవ తరగతి ప్రజా ఉద్యమాల అధ్యాయం పోయింది. దానితో పాటు దూబగుంట, చిప్కో, ఢసాల్ కవిత పోయాయి. ఏడవ తరగతిలో వార్తాసాధనాల పాఠం నిలిచింది గాని, దాని జోడీ అయిన ప్రకటనల పాఠం పోయింది. 2023 జూన్‌లో పల్షీకర్, యాదవ్‌లు ఈ పుస్తకాల నుంచి తమ పేర్లను తొలగించమని లేఖ రాశారు. 2025లో ఆ ఏడవ తరగతి పుస్తకం స్థానంలో కొత్త పుస్తకమే వచ్చింది.

భారం అన్న మాట తేలికైనది కాదు. 1989లో నవలాకారులు ఆర్.కె. నారాయణ్ రాజ్యసభలో చేసిన తొలి ప్రసంగంలో బడి సంచుల మోతతో వంగిపోతున్న పిల్లల గురించి మాట్లాడారు. ఆయన ఆవేదన ఫలితంగానే ప్రొఫెసర్ యశ్‌పాల్ అధ్యక్షతన ఒక సంఘం ఏర్పడి 1993లో నివేదిక ఇచ్చింది. ఆ నివేదికను మరొకసారి చదవటం అవసరం. సంచి బరువు కంటే, అర్థం కాని చదువు బరువు పిల్లలను ఎక్కువగా అణగదొక్కుతున్నదని అది స్పష్టం చేసింది. అంటే తగ్గించవలసినది గ్రహించకుండా వల్లించవలసిన దానిని. మూడు దశాబ్దాల అనంతరం అదే భారం పేరిట తీసివేసినది దేనిని? పిల్లలు తమ ఇంట్లో, వీధిలో, చేతిలోని ఫోనులో రోజూ చూసే వాటిని గురించి ఆలోచింపజేసే పాఠాలను. తేదీలు, నిర్వచనాలు యథాతథంగా వున్నాయి. సన్న పుస్తకం చేతికి తేలికే. తలకు తేలిక అవునో కాదో ఎవరూ తూచలేదు.

కళాశాలల స్థాయిలో కూడా ఇదే ధోరణి. 2011లో ఢిల్లీ విశ్వవిద్యాలయం చరిత్ర విద్యార్థుల పాఠ్యాంశాల నుంచి రామాయణ కథా సంప్రదాయాలపై ఎ.కె. రామానుజన్ వ్యాసాన్ని తొలగించింది. 2021లో ఇంగ్లీషు ఆనర్సు నుంచి మహాశ్వేతాదేవి 'ద్రౌపది' కథను, తమిళ దళిత రచయిత్రులు బామ, సుకీర్తరాణిల రచనలను తప్పించారు. అకడమిక్ కౌన్సిల్ సభ్యులు కొందరు అసమ్మతి తెలిపినా ఫలితం లేకపోయింది. ఏ రచన వుండాలి, ఏది పోవాలి అన్నది ప్రతి తరంలోనూ జరగవలసిన చర్చే. ఆ చర్చ దాన్ని చదివి బోధించే వారి మధ్య జరగటం లేదన్నదే ఆక్షేపణ.

కుంజీల రాజ్యం

నేరమంతా పుస్తకాలు తీసివేసిన వారి మీదనే మోపి చేతులు దులుపుకోవటం కూడా న్యాయం కాదు. వున్న పాఠాలను మనం ఏమి చేశాము? పాత ఢిల్లీలోని నయీ సడక్‌కు వెళ్ళి చూస్తే తెలుస్తుంది. మనం గైడు అనే దానిని ఇక్కడ కుంజీ, అంటే తాళం చెవి అంటారు. ఏడవ తరగతి వార్తాసాధనాల పాఠానికి కూడా కుంజీ వుంది. పత్రికల మీద యజమానుల ప్రభావం వుంటుందా అన్న ప్రశ్నకు అందులో నాలుగు వాక్యాల సమాధానం సిద్ధంగా వుంది. స్వతంత్రంగా ఆలోచించటం ఎలాగో కంఠస్థం చేయించటం మన విద్యా వ్యవస్థకు మాత్రమే సాధ్యమైన అద్భుతం!

పదకొండు, పన్నెండు తరగతుల హిందీ విద్యార్థులకు 'అభివ్యక్తి ఔర్ మాధ్యమ్' అనే పుస్తకం వుంది. పత్రిక, రేడియో, టెలివిజన్, ఇంటర్నెట్‌లకు ఎలా రాయాలో నేర్పే మంచి ప్రయత్నం అది. మన భాషలలో బడి పిల్లలకు ఇటువంటి పుస్తకాలు అరుదు. అయితే పరీక్షలో అడిగేదేమిటి? తలకిందుల పిరమిడ్ అనగానేమి, వార్తకు ఆరు ప్రశ్నలు ఏవి అని. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని విద్యార్థి రాస్తాడు. మార్కులు వస్తాయి. ఆ ఆరు ప్రశ్నలను తన చేతిలోని వార్త మీద ప్రయోగించిన వాడికి మార్కులు వుండవు.

ఏడవ ప్రశ్న

ఈ నిరాశల మధ్య ఒక తరగతి గదిని చూసే అవకాశం నాకు కలిగింది. యమునకు ఆవలి ఒడ్డున వున్న ఒక ప్రభుత్వ పాఠశాలలో సాంఘిక శాస్త్రం బోధించే తెలుగు ఉపాధ్యాయిని ఒకరు నాకు పరిచయం. పుస్తకం మారినా ఆమె ప్రతి నెలా ఒక రోజును పత్రికలకు కేటాయిస్తారు. ఖర్చు లేదు. ఇంటి దగ్గరి పాత పత్రికలు, ఒక స్కేలు, రంగు పెన్సిళ్ళు. పిల్లలు మొదటి పేజీని కొలుస్తారు. ప్రకటనలకు ఎర్ర రంగు, నాయకుల మాటలకు పచ్చ రంగు, మామూలు మనుషుల మాటలకు నీలం రంగు వేస్తారు. "నీలం పెన్సిల్ అరగదండీ. ఏడాదంతా ఒకటే సరిపోతుంది" అని ఆమె నవ్వారు.

ఆ రోజు ఒక బాలుడు తమ బస్తీలో గుడిసెల తొలగింపు వార్తను తెచ్చాడు. లోపలి పేజీలో ఏడు పంక్తులు. ఆక్రమణలు తొలగించామని అధికారి చెప్పిన మాట వుంది. ఆ బాలుడి ఇల్లు ఆ ఆక్రమణలలో ఒకటి. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ అన్నింటికీ సమాధానం వున్నదని పిల్లలు ఒప్పుకున్నారు. అప్పుడా బాలుడు లేచి, "మరి మమ్మల్ని ఎవరూ అడగలేదే?" అన్నాడు. తరగతి అంతా నా వైపు చూసింది. నేను పత్రికా విలేఖరినని ఆమె ముందే పరిచయం చేసి వున్నారు.

సమాధానం చెప్పలేకపోయాను. 'అధికార వర్గాల కథనం ప్రకారం' అని ఈ చేతితో ఎన్ని వందల సార్లు రాశానో లెక్క లేదు. శాస్త్రి భవన్‌లో దొరికే సమాచారం కోసం గంటల కొద్దీ నిరీక్షించాను గాని, యమున దాటి వెళ్ళినవి వేళ్ళ మీద లెక్కించవచ్చు. ఆ బాలుడు అడిగినది ఏడవ ప్రశ్న. ఏ పుస్తకమూ దానిని ముద్రించలేదు. ఏ కుంజీలోనూ దానికి జవాబు లేదు.

ఈ పని ఒక్కొక్క ఉపాధ్యాయిని దయాదాక్షిణ్యాల మీద నడవవలసినది కాదు. కేరళలోని కణ్ణూరు జిల్లాలో 2018లో 'సత్యమేవ జయతే' పేరుతో ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు ఫోన్లలో వచ్చే బూటకపు వార్తలను గుర్తించటం నేర్పారు. టీకాల మీద పుట్టిన వదంతులు ఆ ప్రయత్నానికి ఒక ప్రేరణ. అది తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఒక జిల్లా అధికారి తలచుకుంటే సాధ్యమైనది మన రెండు తెలుగు రాష్ట్రాలకు అసాధ్యం కాబోదు. అసలు ఈ విషయంలో మనమే ఇతరులకు పాఠం చెప్పినవారము. లాంతరు వెలుగులో నాలుగు వాక్యాలు చదివి, ఇది మా సంగతే కదా అని లేచి నిలబడిన స్త్రీలు మన జిల్లావారే.

తూకంలో కొన్న ఆ లావు పుస్తకాన్ని నేను మరునాడు ఆ ఉపాధ్యాయినికి పంపించాను. పరీక్షకు పనికిరాదని అమ్మకందారు ముందే హెచ్చరించాడు. పరీక్ష కోసం కాదని ఆమెకు వేరే చెప్పనవసరం లేకపోయింది.